బోర్డు మారలేదు: షాపు వదిలిన తొమ్మిదేళ్లకు జీతం మీదికొచ్చిన బాకీ

ఈ కేసు గురించి రాస్తానంటే క్లయింటు సరే అన్నారు. ఊరు, మండలం చెప్పను. అంకెలు కొంచెం అటూ ఇటూ మార్చాను. వరస మాత్రం మార్చలేదు. బావ-బామ్మర్ది అన్నది తీసేస్తే ఇందులో సగం నిర్ణయాలకు కారణమే దొరకదు.

నేపథ్యం

2011లో నల్గొండ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఇద్దరు కలిసి ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టారు. బావ నాలుగు లక్షలు పెట్టాడు. బామ్మర్ది, అంటే నా క్లయింటు, రెండు లక్షలు పెట్టి పొద్దున్నుంచి రాత్రిదాకా షాపులో కూర్చున్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద భాగస్వామ్య పత్రం రాసుకున్నారు కానీ ఫర్మును రిజిస్టర్ చేయించలేదు. మా దగ్గర ఇలాంటి షాపుల్లో చాలావాటి సంగతి అంతే.

అదంతా పత్తి ప్రాంతం, బోర్ల మీద బతికే భూములు. జూన్‌లో విత్తనం, మందు ఉద్దెర పోతుంది. పత్తి అమ్మాక, దసరా నుంచి సంక్రాంతి దాకా, డబ్బులు రావాలి. పట్నంలోని హోల్‌సేల్ వ్యాపారి వీళ్లకు కూడా ఉద్దెరే ఇస్తాడు. ఆ రెండు ఉద్దెరల నడుమ ఉన్నది వాన ఒక్కటే. 2014లో అది సరిగా పడలేదు. రైతుల దగ్గర ఏడు లక్షల దాకా ఆగిపోయింది. ఇంకో చిక్కేమిటంటే, రిజిస్టర్ కాని ఫర్ము ఒప్పందం మీద బయటివాళ్ల పైన దావా వేయలేదు, భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 అడ్డం వస్తుంది. అదే ఫర్ము మీద మాత్రం ఎవరైనా దావా వేయొచ్చు. రావాల్సింది కోర్టు ద్వారా రాదు, ఇవ్వాల్సింది కోర్టు ద్వారా వసూలవుతుంది.

2015 జూన్‌లో నా క్లయింటు తప్పుకున్నారు. ఐదుగురు పెద్దమనుషుల ముందు ఒక కాగితం రాసుకున్నారు. షాపు, సరుకు, రావాల్సిన ఉద్దెర అన్నీ బావవి, అప్పులూ బావవే, "నేటి నుండి షాపు లావాదేవీలతో సదరు వ్యక్తికి ఎలాంటి సంబంధం లేదు." తన రెండు లక్షలు వదులుకుని హైదరాబాద్ వెళ్లి, ఎల్బీ నగర్ వైపు ఇల్లు అద్దెకు తీసుకుని, ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేరారు. షాపు బోర్డు అదే ఉంది. బిల్లు బుక్కుల మీద పేరూ అదే. తాను తప్పుకున్నట్టు హోల్‌సేలర్‌కు కార్డు ముక్క కూడా రాయలేదు.

వచ్చిన సమస్య

2024 మార్చిలో కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి కోర్టు ఉత్తర్వు చేతిలో పెట్టారు. జీతంలోంచి ప్రతి నెలా కోత పెట్టి కోర్టుకు పంపాలన్నది దాని సారాంశం. డిక్రీ మొత్తం 17 లక్షల పైచిలుకు. హోల్‌సేలర్ 2018 మార్చిలో ఫర్ము మీద, ఇద్దరు భాగస్వాముల మీద దావా వేశాడు. అసలు 9,20,000. దాని మీద నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. ఆ ఏడాది చివరికి ప్రతివాదులు కోర్టుకు రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. ఆ డిక్రీని హైదరాబాద్ వైపు కోర్టుకు బదిలీ చేయించి అక్కడ ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషన్, వేశారు. డిక్రీకి 12 ఏళ్ల ఆయుష్షు ఉంటుంది కాబట్టి వాళ్లకు తొందరేం లేదు.

"నేను ఊరిడిసిపెట్టి తొమ్మిదేండ్లాయె సార్. కాయితం గూడ ఉంది. ఇప్పుడు నా జీతం పట్టుకునుడేంది?" ఆయన నన్ను అడిగిన మొదటి మాట ఇది. నేను తిరిగి అడిగిన మొదటి మాట ఆ కాగితం గురించి కాదు. ఉత్తర్వు ఏ తారీఖున చూశారని అడిగాను.

ఇరవై ఆరు రోజులైంది.

ఆ ఇరవై ఆరు రోజుల్లో ఆయన ఏం చేశారో కూడా చెప్పాలి. నేరుగా హోల్‌సేలర్ షాపుకెళ్లి, బతిమిలాడి, 50,000 నగదు కట్టి వచ్చారు. గుమాస్తా ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు. అదృష్టం కొద్దీ దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నారు. కోర్టు బయట కట్టిన ఆ డబ్బును ఈపీ నడిపే కోర్టు తనంత తానుగా లెక్కలోకి తీసుకోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 2 కింద నమోదు చేయిస్తేనే అది చెల్లు. దానికి గడువు ముప్పై రోజులే. ఆ పిటిషన్ కూడా మిగతావాటితో పాటు వేశాం.

సంతకం సంగతి ఇంకా ఇబ్బందిది. కాలదోషం పట్టిన, అంటే దావాకు గడువు దాటిన, బాకీని కూడా "కడతాను" అని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందమైపోతుంది. ఫొటోను పెద్దది చేసి మూడుసార్లు చదివాను. "బాకీ ఉన్న మాట వాస్తవం, అందులో యాభై వేలు ముట్టినవి" అని మాత్రమే ఉంది. "మిగతాది కడతాను" అన్న మాట లేదు. గడువు దాటాక బాకీ ఉందని ఒప్పుకున్నంత మాత్రాన చచ్చిన బాకీ లేచిరాదు, కడతానన్న వాగ్దానం ఉండాలి. గుమాస్తా ఇంకో లైను రాసి ఉంటే ఈ కేసు ఇంకోలా పోయేది.

మొదటి నిర్ణయం: బాకీ సంగతి తర్వాత, గడువు సంగతి ముందు

ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని ఆర్డర్ 9 రూల్ 13 కింద అడగాలి. గడువు ముప్పై రోజులు. సమన్లు సరిగా తామీలు కాకపోతే, అంటే మనిషికి అందకపోతే, ఆ ముప్పై రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. మాకు మిగిలింది నాలుగు రోజులు.

మర్నాడే ఫైలు తనిఖీకి పెట్టాను. సమన్లు పట్టుకెళ్లిన కోర్టు అమీను రాసిన ఎండార్స్‌మెంట్‌లో ఊళ్లో ఇల్లు తాళం వేసి ఉందని, ప్రతివాది హైదరాబాద్‌లో ఉంటున్నట్టు పక్కింటివాళ్లు చెప్పారని ఉంది. దాని తర్వాత వాది, ప్రతివాది చిరునామా ఎంత వెతికినా దొరకలేదని అఫిడవిట్ వేసి పేపర్ ప్రకటనకు అనుమతి తెచ్చుకున్నాడు. ప్రకటన వచ్చింది, వాయిదా గడిచింది, డిక్రీ అయింది.

పేపర్‌లో వేశారు కాబట్టి తెలిసినట్టేనని అవతలి వకీలు అంటారు. పిటిషన్ రాసేటప్పుడే దానికి జవాబు ఉంచుకున్నాను. లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ కిందనే వివరణ ఉంది, ఇలాంటి ప్రత్యామ్నాయ తామీలును ఈ గడువు విషయంలో సరైన తామీలుగా లెక్కించకూడదని. అయినా జాగ్రత్త కోసం ఆలస్యం మాఫీ పిటిషన్ కూడా జతచేశాను. అవసరం లేని పిటిషన్ ఎందుకు వేశావని నన్నెవరూ అనరు, అవసరమైంది వేయకపోతే క్లయింటు జీతం పోతుంది. ఇరవై తొమ్మిదో రోజు ఫైల్ చేశాం.

కానీ చట్టం చదివి వినిపిస్తే చాలదు. చిరునామా వాదికి తెలుసని చూపించాలి. ఆయన భార్యను అడిగాను, షాపు వాళ్ల నుంచి ఎప్పుడైనా ఉత్తరం గానీ కార్డు గానీ వచ్చిందా అని. ఆమె కాసేపు ఆలోచించి, "వాళ్ల బిడ్డ పెండ్లి కార్డొచ్చింది సార్" అన్నారు. రెండు రోజుల తర్వాత ఇనుప ట్రంకులోంచి తీసి తెచ్చారు. నాలుగు మూలలా పసుపు అంటిన కవరు. 2017లో పోస్టులో వచ్చింది, ముద్ర స్పష్టంగా కనబడుతోంది. దాని మీద ఎల్బీ నగర్ చిరునామా, గల్లీ నంబరుతో సహా, హోల్‌సేలర్ గుమాస్తా చేతిరాతలో ఉంది. బిల్లుల మీది రాతా ఇదే రాత. చిరునామా దొరకలేదని అఫిడవిట్ వేసిన మనిషి, దావాకు ఆరు నెలల ముందు అదే చిరునామాకు శుభలేఖ పంపాడు. పత్రికలు, పాత కవర్లు పారేయకుండా ఉంచే ఇళ్లలో వకీలుకు పని తేలిక.

బెడిసినవి

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఉంది. జీతం కోత వెంటనే ఆగాలన్న ఆత్రంలో, ఈపీ నడుస్తున్న హైదరాబాద్ వైపు కోర్టులో ఒక అభ్యంతరం వేశాను. ఈయన 2015లోనే ఫర్ము నుంచి తప్పుకున్నాడు, డిక్రీ ఈయనకు వర్తించదన్నది దాని సారాంశం. జడ్జిగారు ఒకే ప్రశ్న వేశారు: "డిక్రీలో మూడో ప్రతివాదిగా ఈయన పేరుందా, లేదా?" ఉంది. డిక్రీని అమలు చేసే కోర్టు డిక్రీ వెనక్కి వెళ్లి తప్పొప్పులు చూడదు. ఇది మొదటి ఏడాది జూనియర్‌కు కూడా తెలుసు, నాకూ తెలుసు. క్లయింటు ముఖం చూసి వేశాను, అంతే. కొట్టేశారు. తర్వాత ఆర్డర్ 21 రూల్ 26 కింద, డిక్రీ ఇచ్చిన కోర్టులో పిటిషన్ ఉంది కాబట్టి కొంత వ్యవధి ఇవ్వండి అని అడిగితే ఎనిమిది వారాలు ఆపారు. మొదటే ఇదే అడిగి ఉండాల్సింది. ఈలోపు రెండు నెలల జీతంలో కోత పడింది.

పెద్దమనుషుల కాగితమూ పనికిరాలేదు. ఆ కాగితం బావకు, బామ్మర్దికి నడుమ. దాని మీద హోల్‌సేలర్ సంతకం లేదు. ఫర్ములో ఉండగా చేసిన అప్పుకు ప్రతి భాగస్వామీ మొత్తానికి బాధ్యుడే, అది భాగస్వామ్య చట్టం సెక్షన్ 25. వాటా మూడో వంతు కాబట్టి అప్పూ మూడో వంతేనని క్లయింటు అనుకున్నారు. కాదు. అప్పిచ్చినవాడు ఒప్పుకుంటే తప్ప తప్పుకున్న భాగస్వామికి పాత అప్పుల నుంచి విముక్తి లేదని 2003లో సిండికేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ కాగితం ఉపయోగపడేది ఒకందుకే: తాను కట్టింది బావ దగ్గర రాబట్టుకోవడానికి. బావ చేతిలో ఏమీ లేదు. షాపు 2019లో మూతపడింది, మూడెకరాలు ఎప్పుడో అక్క పేరు మీదికి మారాయి. ఆ బదలాయింపును సవాలు చేయొచ్చా అని క్లయింటే అడిగారు. చేయొచ్చన్నాను. కాసేపాగి, "వద్దు సార్, అక్క రాఖీ కట్టుడు బంద్ చేస్తది" అన్నారు. దాన్ని మళ్లీ ఎత్తలేదు.

ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టడం గురించీ ఆలోచించాం. మా దగ్గర "ఐపీ పెట్టిండు" అంటే సగం తిట్టు కిందే లెక్క. కానీ నిజంగా కట్టలేనివాడికి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఇప్పటికీ ఒక దారే. ఈయన విషయంలో లెక్క వేసి వద్దనుకున్నాను. జీతం 31,000. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం మొదటి వెయ్యి వదిలేసి, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. అంటే కోతకు దొరికేది నెలకు 10,000. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు దాటి జీతం కోయడానికి వీల్లేదు. కాబట్టి 17 లక్షల డిక్రీకి జీతం నుంచి వచ్చేది గరిష్ఠంగా 2,40,000. ఐపీ పెడితే మాత్రం ఆయన పేరున ఉన్న 150 గజాల ప్లాటు నేరుగా కోర్టు పెట్టే రిసీవర్ చేతికి పోతుంది. ఈ 2,40,000 అన్న అంకెను పక్కన రాసి పెట్టుకున్నాను, రాజీ మాటలప్పుడు పనికొస్తుందని.

పనిచేసింది

డిక్రీ ఆయన మేరకు రద్దయింది. శుభలేఖ కవరు చూశాక అవతలి వకీలు గట్టిగా వాదించలేదు. షరతుగా 1,50,000 కోర్టులో డిపాజిట్ చేయమన్నారు, ఖర్చులు వేరే. భార్య బంగారం కుదువబెట్టి కట్టారు.

ఇక అసలు పని మొదలైంది. హోల్‌సేలర్ ఖాతా నకళ్లు, బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను. పాత బాకీ అంటే జనం ఒకే ముద్దగా చూస్తారు. అప్పిచ్చినవాడూ అలాగే చూపిస్తాడు. తారీఖుల వారీగా కోస్తే ఇది మూడు ముక్కలైంది.

మొదటి ముక్క 2015 మార్చి కంటే ముందు దిగిన సరుకు, 4,35,000. అమ్మిన సరుకు ధరకు గడువు మూడేళ్లు, దావా 2018 మార్చిలో పడింది. మరి ఇది బతికి ఉండాలంటే మధ్యలో చెల్లింపు గానీ రాతపూర్వక ఒప్పుకోలు గానీ ఉండాలి. ఉంది, 2016లో బావ సంతకం పెట్టిన బాకీ నిర్ధారణ. కానీ లిమిటేషన్ చట్టం సెక్షన్ 20(2) ప్రకారం ఒక భాగస్వామి ఒప్పుకున్నాడన్న ఒక్క కారణంతో ఇంకో భాగస్వామి మీద గడువు పెరగదు. పైగా అప్పటికి ఈయన తప్పుకుని ఏడాది. బావ ఆ తర్వాత కట్టిన డబ్బంతా హోల్‌సేలర్ తన చేత్తోనే కొత్త బిల్లుల నంబర్లకు జమ వేసుకున్నాడు, పాత బాకీ కదల్లేదు. కాబట్టి ఈయన మీద ఈ ముక్కకు గడువు దాటినట్టే.

రెండో ముక్క 2015 మార్చి నుంచి 2017 జూన్ దాకా, 2,10,000. ఇందులో మొదటి మూడు నెలలు ఈయన భాగస్వామే. తర్వాతి రెండేళ్లు కాదు, అయినా తప్పించుకోలేరు. ఇద్దరున్న ఫర్ములోంచి ఒకరు పోతే అది రద్దయినట్టే, ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు. కానీ రద్దయిన సంగతి బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్ల విషయంలో పాత భాగస్వాముల బాధ్యత నడుస్తూనే ఉంటుంది, అది భాగస్వామ్య చట్టం సెక్షన్ 45. రిజిస్టర్ కాని ఫర్ముకైతే ఆ ప్రకటన అధికార గెజెట్‌లోనూ, ఆ జిల్లాలో నడిచే ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ రావాలి. ఈయన రెండూ చేయలేదు. ఈ ముక్క మనం కట్టాల్సిందేనని క్లయింటుకు ఆ రోజే చెప్పాను. ఆయనకు నచ్చలేదు. రెండు వారాలు ఫోన్ చేయలేదు.

మూడో ముక్క 2017 జులై తర్వాతిది, 2,75,000. సెక్షన్ 45 లెక్కన ఇదీ మెడకు చుట్టుకోవాలి. ఇక్కడే ఒక రాత్రి బిల్లులు తిరగేస్తుంటే కంటపడింది. జులై 1న జీఎస్టీ వచ్చింది, బిల్లుల మీద కొనుగోలుదారు జీఎస్టీ నంబరు అచ్చవుతోంది. మొదట రాష్ట్ర కోడ్ 36, తర్వాత పది అక్షరాలు పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం ఆ పాన్ ఎవరిదో చెబుతుంది: ఫర్ముదైతే ఎఫ్, మనిషిదైతే పి. అంటే జీఎస్టీ నంబరులో ఆరో అక్షరం చూస్తే చాలు. జులై తర్వాతి ప్రతి బిల్లులోనూ ఆరో అక్షరం పి. బావ తన సొంత పాన్ మీద కొత్త రిజిస్ట్రేషన్ తీసుకున్నాడు, షాపు పేరు అదే ఉంచాడు. హోల్‌సేలర్ ఆ నంబరుకే బిల్లు కొట్టి, ఆ నంబరు మీదే రిటర్నులు వేశాడు. ఆ సరుకు అమ్మింది ఫర్ముకు కాదు, ఒక మనిషికి. రద్దయిన సంగతి నాకు తెలియదని ఆ తర్వాత అతను అనడం కూడా కష్టమే.

ఇవన్నీ ఖాయంగా గెలిచే వాదనలు కావు. ప్రకటన ఇవ్వలేదు కాబట్టి బావ 2016 సంతకం ఈయనను కూడా కట్టేస్తుందని అవతలివాళ్లు వాదించగలరు, జడ్జి ఒప్పుకోనూవచ్చు. అందుకే జవాబు దావా వేశాక, దాని కాపీతో పాటు మూడు ముక్కల లెక్క, జీతం నుంచి వచ్చే 2,40,000 లెక్క ఒకే కాగితం మీద రాసి అవతలి వకీలుకు ఇచ్చాను. చాయ్ తాగుతూ ఆయన అడిగింది ఒకటే, "ఆరో అక్షరం ఎక్కడ చూసినవ్ అన్నా?"

2025లో జాతీయ లోక్ అదాలత్‌లో 3,00,000కు తెగింది. డిపాజిట్ చేసిన లక్షన్నర, చేతికిచ్చిన యాభై వేలు, కోతలో పోయిన 20,000 అందులోనే జమ. మిగిలిన 80,000 నాలుగు వాయిదాలు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. దావా నడిపి ఇంకో నాలుగేళ్లకు తీర్పు తెచ్చుకుని, దాని మీద అప్పీలుకు పోయే ఓపిక ఇద్దరికీ లేదు. అవార్డులో ఒక వాక్యం కోసం మాత్రం గంట పట్టుబట్టాను: ఈ ఫర్ముకు సంబంధించి మూడో ప్రతివాది మీద వాదికి ఇప్పుడు గానీ ఇకముందు గానీ ఏ హక్కూ లేదు, ఈపీ మూసివేయాలి. బావ మీద వాది హక్కు అలాగే ఉంది.

నేర్చుకున్నవి

ఊరు వదిలితే అప్పు వదలదని అందరికీ తెలుసు. గడువు లెక్క ఊరు వదిలిన తీరును బట్టి మారుతుందని మాత్రం చాలామందికి తెలియదు. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయినవాళ్ల మీద మూడేళ్లు మామూలుగానే నడుస్తాయి. దుబాయ్ పోయినవాడి విషయంలో దేశంలో లేని కాలమంతా లెక్కలోంచి తీసేస్తారు, లిమిటేషన్ చట్టం సెక్షన్ 15(5). పదేళ్లకు తిరిగొచ్చినవాడి మీద పడే దావా గడువులోనే ఉండొచ్చు.

ఈ కేసు తర్వాత ఫర్ములోంచి తప్పుకుంటామని వచ్చేవాళ్లను నేను పెద్దమనుషుల కాగితం అడగడం లేదు. ఎవరెవరికి ఎంత బాకీ ఉందో పేర్ల జాబితా అడుగుతున్నాను. ఒక్కొక్కరికీ స్పీడ్ పోస్టులో నోటీసు, ఆ రోజు నాటి బాకీ అంకెతో. వీలైతే ఇకపై మిగిలిన భాగస్వామే బాధ్యుడని వాళ్ల సంతకం. గెజెట్, తెలుగు పత్రిక ప్రకటన. ఫర్ముకు జీఎస్టీ ఉంటే తప్పుకున్న నెలలోపు కమిషనర్‌కు తెలియజేయాలి, లేకపోతే పన్ను బాధ్యత ఆ తెలియజేసిన రోజు దాకా నడుస్తుంది. దీనికంతా అయ్యే ఖర్చు ఈయన కట్టిన మూడు లక్షల ముందు ఏ మూలకూ రాదు. మనవాళ్లకు మొహమాటం అడ్డం: "నోటీసు పంపితే బావ ఏమనుకుంటడు?"

వాయిదాలు అయిపోయిన నెలకు ఆ బావే నా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ఈపీ నోటీసు, అదే హోల్‌సేలర్, అదే దావా నంబరు. "మా బామ్మర్దిది చేసినట్టు నాది గూడ చూడు సార్" అన్నాడు. ఈయన కేసులో నేను రాసిన ప్రతి లైనూ ఆయనకు ఎదురుగా నిలబడేదే కాబట్టి తీసుకోలేనని చెప్పి, ఇంకో వకీలు పేరు రాసిచ్చాను. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, బోర్డు అప్పుడే తీసేసి ఉంటే బాగుండేదా అని అడిగాడు. కూర్చోమని, ఆయన నోటీసు మీది తారీఖు చూశాను. పదకొండు రోజులైంది.